వార్త వెనుక ఎవరి ప్రయోజనం ఉందో తేల్చుకోవడం ఎలా? పాఠకులకు సమగ్ర మార్గదర్శి

"ఏ పత్రికను నమ్మాలి?" అని పాఠకులు పదే పదే అడుగుతుంటారు. ఒక పేరు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఏ పత్రిక ఏ పార్టీ వైపో తెలుగు నేల మీద అందరికీ తెలుసు. ఆ తెలిసినతనమే మనల్ని సోమరుల్ని చేస్తోంది. గిట్టని పత్రికలో వచ్చిన నిజాన్ని "వాళ్లు ఎప్పుడూ అలాగే రాస్తారు" అని తోసేస్తున్నాం. నచ్చిన పత్రిక వదిలేసిన నిజం మనకు కనబడడమే లేదు.

అందుకే పత్రికను పక్కన పెట్టి వార్తను పరీక్షించాలి. ఈ వార్త మీద ఏ డబ్బు, ఏ అధికారం పని చేస్తున్నాయో విడిగా చూడాలి. దీనికి ప్రత్యేకమైన చదువు అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, ఫోను, రెండు వారాల ఓపిక ఉంటే చాలు.

ఉదాహరణకు మేడిగడ్డను తీసుకుంటాను. 2023 అక్టోబరు 21 సాయంత్రం కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకు కుంగింది. నవంబరు 30న తెలంగాణ శాసనసభ ఎన్నికల పోలింగు. అధికార పార్టీ, ప్రతిపక్షాలు, పెద్ద గుత్తేదారులు, మీడియా యజమానులు అందరికీ ఆ వార్తలో ఏదో ఒక ప్రయోజనం ఉంది. సాధన చేయడానికి ఇంతకంటే మంచి అంశం దొరకదు.

1. మొదలుపెట్టే ముందు సిద్ధం చేసుకోవలసినవి

ఒకే ఒక్క అంశం ఎంచుకోండి. "మీడియా పక్షపాతం" అనేది అంశం కాదు. "మేడిగడ్డ కుంగిన తర్వాత మొదటి పదిహేను రోజుల వార్తలు" అనేది అంశం. పరిధి ఎంత చిన్నదైతే ఫలితం అంత గట్టిగా ఉంటుంది.

పరస్పరం గిట్టని రెండు తెలుగు పత్రికలు, వాటికి తోడు రాష్ట్రం బయట ప్రధాన కార్యాలయం ఉన్న ఒక ఆంగ్ల పత్రిక తీసుకోండి. టీవీ చర్చలు ఇప్పుడే వద్దు. వాటిని కొలవడం కష్టం, అరుపుల్లో సమాచారం తక్కువ.

అన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. ఈ విషయంలో మీ మనసు ఎటు మొగ్గుతోందో నోటు పుస్తకం మొదటి పేజీలో ఒక వాక్యంగా రాసుకోండి. చివర్లో దానితోనే పని పడుతుంది.

సరిచూసుకోండి:
- అంశం, ప్రారంభ తేదీ, ముగింపు తేదీ రాసుకున్నాను.
- ఒక్కో పత్రికకు విడిగా పేజీలు కేటాయించాను.
- ఈ-పేపర్ క్లిప్పింగులు దాచడానికి ఫోనులో ఒక ఫోల్డర్ పెట్టాను. ప్రతి క్లిప్పింగు పేరులో తేదీ, ఎడిషన్, పేజీ సంఖ్య ఉన్నాయి.
- నా మొగ్గు ఎటో రాసుకున్నాను.

ఎడిషన్ పేరు మరిచిపోవద్దు. తెలుగు పత్రికలకు జిల్లా పేజీలు ఉంటాయి. భూపాలపల్లి పాఠకుడు చదివింది హైదరాబాద్ పాఠకుడికి చేరకపోవచ్చు. "ఆ పత్రిక అసలు రాయలేదు" అనే ఆరోపణలు చాలా వరకు ఒకే ఎడిషన్ చూసి చేసినవే.

2. వార్త కంటే ముందు మూలపత్రం చదవండి

ఈ వరుస మార్చవద్దు. వార్త ముందు చదివితే, ఆ తర్వాత నివేదికలో కూడా మీ కళ్లు శీర్షికనే వెతుకుతాయి. పత్రం ముందు చదివితే ఏది రావాలో మీకు ముందే తెలుస్తుంది. అప్పుడే ఏది రాలేదో కనబడుతుంది.

కాళేశ్వరం విషయంలో మూలపత్రం, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక. 2024 ఫిబ్రవరిలో అది తెలంగాణ శాసనసభ ముందుకు వచ్చింది. కేంద్ర జల సంఘానికి చూపిన అంచనా వ్యయం 81,911 కోట్ల రూపాయలు కాగా, మొత్తం ఖర్చు 1,47,427 కోట్లు దాటవచ్చని అందులో ఉంది. తర్వాత ఈ ప్రాజెక్టుపై విచారణకు వేసిన జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ 2025 జులై 31న తన నివేదిక ఇచ్చింది. ఇలాంటి పత్రం చేతిలో ఉంటే నాయకుడి ప్రకటన, ఛానల్ వ్యాఖ్యానం పక్కకు వెళ్లి అసలు విషయం ముందుకు వస్తుంది.

పత్రం చదువుతూ పది వాస్తవాలు వరుసగా రాసుకోండి. అంకెలు, తేదీలు, ఎవరు సంతకం చేశారు, ఎవరు అభ్యంతరం చెప్పారు, ఎవరు ఏ సమాధానం ఇచ్చారు. మీకు ముఖ్యం అనిపించినవే కాదు, మీకు ఇబ్బంది కలిగించేవి కూడా రాయండి.

అన్ని వార్తలకూ కాగ్ నివేదిక ఉండదు. మిగతా వాటికి ఇవి వెతకండి:
- కోర్టు తీర్పు లేదా మధ్యంతర ఉత్తర్వు పూర్తి పాఠం
- ప్రభుత్వ ఉత్తర్వు, అంటే జీవో
- శాసనసభ, పార్లమెంటు ప్రశ్నలకు ఇచ్చిన లిఖితపూర్వక జవాబులు
- టెండరు ప్రకటన, ఒప్పంద పత్రాలు
- స్టాక్ ఎక్స్చేంజీలో నమోదైన కంపెనీ అయితే అది ఎక్స్చేంజీకి ఇచ్చిన ప్రకటన

జీవోలు ఎప్పుడూ అందుబాటులో ఉంటాయనుకోవద్దు. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను బహిరంగ వెబ్‌సైటులో పెట్టడం ఆపేసింది. కనబడిన పత్రాన్ని కనబడిన రోజే దించుకోండి.

3. యజమానికి ఇంకా ఏమేమి ఉన్నాయో చూడండి

యజమాని పేరు తెలుసుకోవడం సులభం. ప్రతి పత్రికలో ఒక మూలన ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లు, ప్రచురణ సంస్థ పేరు అచ్చు వేస్తారు. చట్టప్రకారం వేయాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు. అసలు పని అక్కడ మొదలవుతుంది.

ఈ వరుసలో వెళ్లండి.

మొదట, ప్రచురణ సంస్థ పేరుతో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో వెతకండి. కంపెనీ ప్రాథమిక వివరాలు ఉచితం. వార్షిక రిటర్ను, బ్యాలెన్స్ షీటు చూడాలంటే కొద్దిపాటి రుసుము చెల్లించాలి. వాటాదారుల జాబితా వార్షిక రిటర్నులోనే ఉంటుంది. వాటాదారు మరో కంపెనీ అయితే ఆ కంపెనీ పత్రాలూ తీయండి. మనుషుల పేర్లు వచ్చేదాకా ఆగవద్దు.

రెండోది, ఆ డైరెక్టర్లు ఇంకే కంపెనీల్లో ఉన్నారో రాసుకోండి. నిర్మాణం, విద్యుత్తు, స్థిరాస్తి, చిట్‌ఫండ్, ఆసుపత్రి, కళాశాల, సిమెంటు. ప్రభుత్వ అనుమతి లేకుండా నడవని వ్యాపారం ఏదైనా ఉంటే దాని కింద గీత గీయండి.

మూడోది, యజమాని కుటుంబంలో ఎవరైనా ఎన్నికల్లో పోటీ చేశారా చూడండి. చేసి ఉంటే నామినేషనుతో ఇచ్చిన అఫిడవిట్‌లో ఆస్తులు, వాటాలు ఉంటాయి.

నాలుగోది, రాజకీయ విరాళాలు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు, పేరు బయటపడకుండా పార్టీలకు విరాళం ఇచ్చే ఎన్నికల బాండ్ల పథకాన్ని కొట్టివేసిన తర్వాత ఎవరు ఎంత కొన్నారో, ఏ పార్టీకి ఎంత చేరిందో ఎన్నికల సంఘం వెబ్‌సైటులోకి వచ్చింది. కంపెనీల విరాళాలను పార్టీలకు చేర్చే ఎన్నికల ట్రస్టుల వార్షిక నివేదికలూ అక్కడే దొరుకుతాయి.

ఇప్పుడు ఉదాహరణకు వద్దాం. టీవీ9ను నడిపే సంస్థ 2018లో అలందా మీడియా చేతికి వెళ్లింది. అలందా వెనుక మై హోమ్, మేఘా సంస్థల అధిపతులు ఉన్నారు. మేఘా ఇంజినీరింగ్ కాళేశ్వరం పంపుహౌసుల ప్రధాన గుత్తేదారుల్లో ఒకటి. ఎన్నికల బాండ్లు కొన్నవారిలో 966 కోట్ల రూపాయలతో అది రెండో స్థానంలో ఉంది. మరోవైపు నమస్తే తెలంగాణ ప్రచురణ సంస్థ అధిపతి దీవకొండ దామోదర్‌రావు 2022లో అప్పటి అధికార పార్టీ తరఫున రాజ్యసభకు వెళ్లారు. వీ6 ఛానల్, వెలుగు పత్రిక వివేక్ వెంకటస్వామి కుటుంబానివి. ఆయన 2023లో కాంగ్రెస్ తరఫున చెన్నూరు నుంచి గెలిచి, 2025లో మంత్రి అయ్యారు.

ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇదే తీరు. సాక్షి ప్రచురణ సంస్థ వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి కుటుంబానిది. టీవీ5 అధిపతి బి.ఆర్. నాయుడు 2024లో తిరుమల తిరుపతి దేవస్థానాల పాలకమండలి అధ్యక్షుడయ్యారు. ఈనాడు యాజమాన్యానికి చిట్‌ఫండ్ వ్యాపారం ఉంది.

ఇక్కడ గట్టిగా ఆగండి. పైన రాసినవన్నీ ప్రయోజనాలు. ఫలానా వార్తను ఫలానా వారు తొక్కిపెట్టారనడానికి ఇవి రుజువులు కావు. ఎక్కడ చూడాలో మాత్రమే ఇవి చెబుతాయి. ఈ తేడా చెరిపేస్తే మిగతా శ్రమంతా వృథా.

4. డబ్బు ఏ దారిన వస్తోందో పట్టుకోండి

మీరు కొనే పత్రిక ధర కాగితం ఖర్చుకే సరిపోదు. మిగతాది ప్రకటనల నుంచి రావాలి. కాబట్టి ప్రకటనలు ఇచ్చేవారి మీద వార్త రాయడం ఏ సంస్థకైనా కష్టమే.

వారం రోజులు ప్రకటనలను మాత్రమే లెక్కపెట్టండి. పూర్తి పేజీ, అర పేజీ, మొదటి పేజీకి చుట్టిన జాకెట్ ప్రకటన. ఎవరు ఇచ్చారు, ఎన్నిసార్లు. పరీక్ష ఫలితాల రోజుల్లో ర్యాంకుల ప్రకటనలు ఎవరివో చూడండి. అదే ఏడాది ఆ కళాశాలల హాస్టళ్లలో విద్యార్థుల ఆత్మహత్యల వార్తలు ఎలా వచ్చాయో, కళాశాల పేరు రాశారా, "ఓ ప్రైవేటు కళాశాల" అని వదిలేశారా చూడండి. ఒక తల్లి తన బిడ్డను ఎక్కడ చేర్చాలో నిర్ణయించుకోవడానికి ఆ పేరు అవసరం. ఆ ఒక్క పదం లేకపోవడం నాకు అన్నిటికంటే బాధ కలిగించే మౌనం.

వార్త వేషంలో వచ్చే ప్రకటనను గుర్తించడానికి:
- పై మూలన చిన్న అక్షరాల్లో "అడ్వర్టోరియల్", "ప్రత్యేక ఫీచర్" వంటి మాట ఉందా?
- అక్షరాల శైలి మిగతా పేజీకి భిన్నంగా ఉందా?
- విలేకరి పేరు, డేట్‌లైన్ (వార్త మొదట్లో ఉండే ఊరు, తేదీ) లేవా?
- ఒక్క విమర్శ, ఒక్క ప్రశ్న కూడా లేవా?

ఇంకో దారి మరింత లోతైనది. కంపెనీ డబ్బుకు బదులు తన వాటాలు ఇచ్చి ప్రకటనలు వేయించుకుంటుంది. అంటే ఆ కంపెనీ షేరు పెరిగితే మీడియా సంస్థకే లాభం. వీటిని ప్రైవేటు ఒప్పందాలు అంటారు. ఇలాంటి వాటా ఉంటే ఆ కంపెనీ గురించి రాసేటప్పుడు పాఠకులకు చెప్పి తీరాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2010లో స్పష్టం చేసింది. వ్యాపార పేజీ చదివేటప్పుడు ఆ వెల్లడి ఉందా అని చూడడం అలవాటు చేసుకోండి.

ప్రభుత్వ ప్రకటనల లెక్క కావాలంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రాష్ట్ర సమాచార పౌర సంబంధాల శాఖ ప్రజా సమాచార అధికారికి రాయాలి. రుసుము 10 రూపాయలు. ప్రశ్నలు ఇలా ఉండాలి:

"ఒకటి: 2022-23, 2023-24 ఆర్థిక సంవత్సరాల్లో మీ శాఖ ద్వారా ప్రతి దినపత్రికకు, ప్రతి టీవీ ఛానల్‌కు ప్రకటనల కోసం చెల్లించిన మొత్తాలను సంస్థల వారీగా ఇవ్వగలరు. రెండు: చెల్లించవలసిన బకాయిలను సంస్థల వారీగా ఇవ్వగలరు. మూడు: ప్రకటనల ధరలను నిర్ణయించిన ఉత్తర్వుల ప్రతులు ఇవ్వగలరు."

"ఎందుకు ఇచ్చారు?" అని అడగవద్దు. ఆ ప్రశ్న తిరస్కరణకు దారి ఇస్తుంది. బకాయిల ప్రశ్న మాత్రం తప్పకుండా పెట్టండి. ఇవ్వవలసిన డబ్బును ఆపి ఉంచడం కూడా ఒత్తిడే. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, దాని తర్వాత 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు వేయండి. నగరాభివృద్ధి సంస్థలు, కార్పొరేషన్లు విడిగా ప్రకటనలు ఇస్తుంటాయి. వాటికి విడిగా దరఖాస్తు పెట్టాలి.

ప్రకటన రూపంలో కాకుండా చందా రూపంలోనూ ప్రభుత్వ సొమ్ము చేరవచ్చు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు దినపత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు ఇచ్చింది. ఇది సాక్షి అమ్మకాలు పెంచడానికేనని ఈనాడు ప్రచురణ సంస్థ ఉషోదయ కోర్టుకు వెళ్లింది. 2023లో సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యాన్ని ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది.

5. అధికారం నేరుగా చేయి చేసుకున్న చోట్లను నమోదు చేయండి

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు. పత్రిక ఎవరికో అమ్ముడుపోయిందని అనడం తేలిక. వార్త రాసిన వారి మీద ఏమి పడిందో వెతకడం కష్టం.

2014 జూన్‌లో, తెలంగాణ ఏర్పడిన కొద్ది రోజులకే, రాష్ట్రంలో కేబుల్ ఆపరేటర్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలు ఆపేశారు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారిన కొన్ని నెలలకు టీవీ5, ఏబీఎన్ కేబుల్‌లో కనబడకుండా పోయాయి. 2024 జూన్‌లో మళ్లీ ప్రభుత్వం మారగానే అదే రాష్ట్రంలో సాక్షి టీవీ, టీవీ9, ఎన్టీవీ వంటివి ఆగిపోయాయి. టీవీ9 ప్రసారాలు పునరుద్ధరించాలని ఢిల్లీ హైకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

మూడుసార్లు మూడు వేర్వేరు పార్టీలు అధికారంలో ఉన్నాయి. ప్రతిసారీ ప్రభుత్వం తనకు సంబంధం లేదంది. ఆపింది కేబుల్ ఆపరేటర్లు, కాగితం మీద ఆదేశం లేదు. ఈ వరుసను ఒకే పేజీలో పెట్టి చూస్తేనే పద్ధతి బోధపడుతుంది. తనకు గిట్టని ఛానల్ ఆగినప్పుడు సంతోషించిన పాఠకుడు, మరో అయిదేళ్లకు తన ఛానల్ ఆగినప్పుడు పత్రికాస్వేచ్ఛ గురించి మాట్లాడతాడు. రెండుసార్లూ నష్టపోయింది అతనే.

కేసుల వివరాలు కూడా రాసుకోండి. 2019 అక్టోబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2430 నంబరు జీవో ఇచ్చింది. తప్పుడు వార్తలని భావిస్తే పత్రికల మీద కేసులు పెట్టే అధికారాన్ని ఆయా శాఖల కార్యదర్శులకు అప్పగించింది. 2023లో ఈనాడు యాజమాన్యపు చిట్‌ఫండ్ సంస్థ మీద రాష్ట్ర సీఐడీ కేసులు పెట్టింది. అంతకుముందు 2012లో, సాక్షి ప్రచురణ సంస్థ జగతి పబ్లికేషన్స్‌లోకి వచ్చిన పెట్టుబడుల మీద సీబీఐ అభియోగపత్రం వేసింది. ఇవి అభియోగాలు, తీర్పులు కావు. కానీ పత్రిక యజమాని వేరే వ్యాపారం ప్రభుత్వ చేతికి అందే దూరంలో ఉంటే ఏమవుతుందో ఇవి చూపిస్తాయి.

6. పక్కపక్కన పెట్టి చదవండి

ఇప్పుడు మాత్రమే వార్తల దగ్గరికి రండి. ఒకే రోజు, ఒకే సంఘటన, మూడు పత్రికలు. ప్రతి వార్తకు ఈ ప్రశ్నలకు జవాబు రాయండి:

- ఎన్నో పేజీ? బ్యానరా, సింగిల్ కాలమా?
- శీర్షికలో కర్త ఎవరు? తప్పు చేసినవారి పేరు ఉందా?
- అంకెలు మూలపత్రంతో సరిపోతున్నాయా?
- సమాచారం ఎవరు ఇచ్చారు? పేరున్న అధికారా, "విశ్వసనీయ వర్గాలా"?
- ఆరోపణ ఎదుర్కొన్నవారి వివరణ ఎన్ని వాక్యాలు? ఎక్కడ పెట్టారు?
- మర్నాడు, వారం తర్వాత ఆ వార్త కొనసాగిందా?

శీర్షికలో క్రియ చూడండి. మేడిగడ్డ మీద మూడు రకాల శీర్షికలు ఊహించుకుందాం. "కుంగిన మేడిగడ్డ", "మేడిగడ్డను ముంచిన నాసిరకం పనులు", "మేడిగడ్డపై ప్రతిపక్షాల రాద్ధాంతం". మొదటిది సంఘటన చెప్పింది. రెండోది దర్యాప్తుకు ముందే కారణం తేల్చింది. మూడోది బ్యారేజీని వదిలేసి దాని గురించి మాట్లాడినవారిని వార్త చేసింది. మూడో రకాన్ని పట్టుకోవడం నేర్చుకోండి. ఇబ్బందికర విషయాన్ని దాచడానికి దాన్ని రాయకపోవడమే మార్గం కాదు. దాన్ని ఇద్దరు నాయకుల తగాదాగా మార్చినా సరిపోతుంది.

"విశ్వసనీయ వర్గాలు" కనబడగానే కొట్టిపారేయకండి. కొన్ని నిజాలు పేరు చెప్పలేనివారి నుంచే వస్తాయి. అయితే ఆ వార్తలో కాగితం, తేదీ, అంకె ఏదైనా ఒక్కటి ఉండాలి. ఏదీ లేకుండా వర్గాలు మాత్రమే ఉంటే నోటు పుస్తకంలో ప్రశ్నార్థకం పెట్టండి.

7. రాని వార్తను లెక్కపెట్టండి

రెండో మెట్టులో రాసుకున్న పది వాస్తవాలు తీయండి. ప్రతి పత్రికలో వాటిలో ఎన్ని వచ్చాయో టిక్కు పెట్టండి. ఒక పత్రికలో ఏడు, మరో దానిలో మూడు వచ్చాయనుకోండి. ఆ సంఖ్య కంటే, రాని వాటన్నిటిలో ఒకే పేరు ఉందా అని చూడడం ముఖ్యం. ప్రభుత్వాన్ని తిట్టి గుత్తేదారు పేరు వదిలేయవచ్చు. గుత్తేదారును తిట్టి సంతకం పెట్టిన మంత్రిని వదిలేయవచ్చు. పార్టీలన్నీ తిట్టుకుంటున్న చోట కంపెనీ పేరు ఎవరి నోటా రాకపోతే, అదే మీరు వెతుకుతున్న చోటు.

మౌనం అనే ముందు మూడు రోజులు ఆగండి. జిల్లా పేజీలు త్వరగా ముగుస్తాయి. రాత్రి పది తర్వాత జరిగింది మర్నాడు రాకపోవచ్చు. పేజీ నిండా ప్రకటనలు పడితే వార్త కుదించుకుపోతుంది. కొన్నిసార్లు ఆ మండలంలో చూసే మనిషే ఉండడు.

ఆ మనిషి గురించి కొంచెం చెప్పాలి. తెలుగు పత్రికలకు గ్రామాల నుంచి వార్తలు పంపేది మండల విలేకరులు. వీరిలో ఎక్కువ మందికి జీతం ఉండదు. అచ్చయిన వార్త కొలతను బట్టి లైన్ అకౌంట్ కింద వచ్చేది చాలా తక్కువ. దానికి తోడు పండుగలకు, పత్రిక వార్షికోత్సవాలకు ప్రకటనలు తేవాలనే లక్ష్యాలు. ఇసుక వ్యాపారి దగ్గరా, రైసుమిల్లు యజమాని దగ్గరా ప్రకటన అడిగిన చేత్తోనే వారి మీద వార్త రాయాలి. విలేకరిగా గుర్తింపునిచ్చే అక్రిడిటేషన్ కార్డు ఇచ్చేది ప్రభుత్వం. ఇళ్ల స్థలాల హామీ ఇచ్చేదీ ప్రభుత్వమే. హైదరాబాద్‌లో ప్రజాప్రతినిధులు, అధికారులు, న్యాయమూర్తులతో పాటు పాత్రికేయుల సొసైటీలకూ చేసిన భూ కేటాయింపులను 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. మీ ఊరి వార్త రానప్పుడు విలేకరిని తిట్టే ముందు ఇదంతా గుర్తు చేసుకోండి. అతని మీద పడే బరువు సంపాదకుడి మీద పడేదానికంటే తక్కువ కాదు.

8. చేతులు మారినప్పుడు ముందూ వెనుకా చూడండి

పక్షపాతాన్ని కొలవడానికి నాకు తెలిసిన అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి ఇది. యజమాని మారినప్పుడు, లేదా యజమాని పార్టీ మారినప్పుడు, అదే అంశం మీద ముందు మూడు నెలల వార్తలు, తర్వాత మూడు నెలల వార్తలు పోల్చండి.

వివేక్ వెంకటస్వామి 2019లో బీజేపీలో చేరి 2023 నవంబరు మొదటి రోజున కాంగ్రెస్‌లోకి వచ్చారు. వెలుగు పత్రిక పాత సంచికలు తీసి, కేంద్ర పథకాల వార్తలను ఆ తేదీకి ముందూ తర్వాతా లెక్కించవచ్చు. టీవీ9కు 2018 అలాంటి తేదీ. జాతీయ స్థాయిలో ఎన్డీటీవీ 2022 డిసెంబరు నాటికి అదానీ గ్రూపు చేతికి వెళ్లింది. నెట్‌వర్క్18 సంస్థను 2014లో రిలయన్స్ తన అధీనంలోకి తీసుకుంది. నెట్‌వర్క్18 అప్పటికే ఈటీవీ ప్రాంతీయ ఛానళ్లలో వాటాలు కొని ఉంది కాబట్టి తెలుగు ప్రేక్షకులకు అది దూరపు సంగతి కాదు.

ఎన్నికల నెలలతో మామూలు నెలలను పోల్చవద్దు. ఎన్నికల్లో అన్ని పత్రికల గొంతూ పెరుగుతుంది.

9. ఎన్నికలప్పుడు పెయిడ్ న్యూస్ పట్టుకోవడం

అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకుని వార్తలా అచ్చు వేసే ప్రచారమే పెయిడ్ న్యూస్. దాని గుర్తులు తేలిక. ఒకే పాఠం పోటీ పత్రికల్లో అక్షరం మారకుండా వస్తుంది. ఒకే పేజీలో ఇద్దరు ప్రత్యర్థులూ "భారీ మెజారిటీతో" గెలుస్తుంటారు. రోజూ ఒకే కొలతలో ఒకే అభ్యర్థి ఊరేగింపు ఫొటో ఉంటుంది. స్వతంత్రులు, చిన్న పార్టీలవారు పేజీలో లేనే లేరు.

2009 ఎన్నికల తర్వాత, పత్రికల ప్రమాణాలను చూసే ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం సభ్యులు పరంజోయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాస్‌రెడ్డి దీనిపై నివేదిక రాశారు. పత్రికల పేర్లున్న ఆ పూర్తి పాఠాన్ని కౌన్సిల్ పక్కన పెట్టి, 2010లో కుదించినది విడుదల చేసింది. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశించాకే పూర్తి పాఠం వెలుగు చూసింది. అదే ఏడాది అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలి ఎమ్మెల్యే ఉమలేశ్ యాదవ్‌ను, పెయిడ్ న్యూస్ ఖర్చు చూపనందుకు ఎన్నికల సంఘం మూడేళ్లు అనర్హురాలిగా ప్రకటించింది.

మీ దగ్గర క్లిప్పింగులు ఉంటే జిల్లా స్థాయిలో ఉండే మీడియా ధ్రువీకరణ, పర్యవేక్షణ కమిటీకి పంపండి. పెయిడ్ న్యూస్ అని తేలితే ఆ ఖర్చు అభ్యర్థి ఖాతాలో కలుపుతారు. తెలుగు రాష్ట్రాల్లో శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షల రూపాయలు. కాబట్టి ఆ కలిపిన లెక్క అభ్యర్థికి తగులుతుంది.

10. తేల్చి రాయడం, తరచూ జరిగే పొరపాట్లు

ముగింపుకు మూడు మాటలే వాడండి. యజమానికి లాభం ఉందని మాత్రమే తెలిస్తే "ప్రయోజనం ఉంది". అనేక వార్తల్లో ఒకే పేరు మాయమవుతుంటే "తీరు కనబడుతోంది". ఒప్పందం, ఉత్తర్వు, తీర్పు వంటి కాగితం చేతిలో ఉంటేనే "రుజువైంది". చాలాసార్లు మీరు రెండో మాట దగ్గర ఆగుతారు. అది తక్కువేమీ కాదు.

పొరపాటు: ఒక్క శీర్షిక ఫొటో చూసి పత్రిక మీద తీర్పు చెప్పడం.
సరిచేయడం: కనీసం పది వార్తలు లెక్కలోకి వచ్చేదాకా ఆగండి. వాట్సాప్‌లో వచ్చిన క్లిప్పింగును ఈ-పేపర్‌లో సరిచూడండి. నకిలీ క్లిప్పింగులు ఎన్నికల వేళ విపరీతంగా తిరుగుతాయి.

పొరపాటు: పార్టీ పత్రిక కాబట్టి అబద్ధమే అనుకోవడం.
సరిచేయడం: ప్రత్యర్థి ప్రభుత్వం మీద లోతైన పరిశోధన తరచూ ఆ పత్రికల్లోనే వస్తుంది. వ్యాఖ్యానం తీసేసి అంకెలు, పత్రాలు మాత్రం తీసుకోండి. అవి మూలంతో సరిపోతే స్వీకరించండి.

పొరపాటు: రెండు పత్రికల మధ్య సగం దూరంలో నిజం ఉందనుకోవడం.
సరిచేయడం: నిజం పూర్తిగా ఒకవైపే ఉండవచ్చు. ఇద్దరూ వదిలేసిన మూడో చోట కూడా ఉండవచ్చు. మూలపత్రమే కొలత.

పొరపాటు: యూట్యూబ్ ఛానల్ స్వతంత్రమని నమ్మడం.
సరిచేయడం: యజమాని ఎవరో, డబ్బు ఎక్కడిదో మూడో, నాలుగో మెట్ల ప్రశ్నలే అక్కడా అడగండి. జవాబు దొరకకపోతే ఆ సంగతి రాసుకోండి.

చివరిగా మొదటి పేజీ తిప్పి మీ మొగ్గు చదవండి. మీరు తేల్చినదంతా ఆ వాక్యానికే అచ్చుగుద్దినట్టు సరిపోతే, మీకు నచ్చిన పత్రిక మీద ఆరో, ఏడో మెట్లు మరోసారి చేయండి.

11. దొరికినదానితో ఏమి చేయాలి

ముందు సంపాదకుడికి ఉత్తరం రాయండి. తేదీ, ఎడిషన్, పేజీ, తప్పు వాక్యం, మూలపత్రంలోని సరైన వాక్యం, కోరుతున్న సవరణ. ఇంతే. తిట్లు, రాజకీయ వ్యాఖ్యలు ఒక్కటి ఉన్నా ఉత్తరం పక్కకు పోతుంది. నకలు దాచుకోండి.

జవాబు రాకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లవచ్చు. దినపత్రికలు, వారపత్రికల మీద వార్త వచ్చిన రెండు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. సంపాదకుడికి రాసిన ఉత్తరం నకలు, అసలు క్లిప్పింగు, దాని ఆంగ్ల అనువాదం జతచేయండి. కౌన్సిల్ మందలించగలదు, అభిశంసించగలదు. జరిమానా వేయలేదు. టీవీ దాని పరిధిలో లేదు.

టీవీ ఛానల్ మీదైతే ముందు ఆ ఛానల్ ఫిర్యాదుల అధికారికే రాయాలి. ప్రసారమైన వారం లోపు పంపండి. కార్యక్రమం పేరు, తేదీ, నిమిషాల లెక్కన సమయం, వీడియో లంకె తప్పనిసరి. ఆ ఛానల్ సభ్యత్వం ఉన్న స్వీయ నియంత్రణ సంస్థ ఏదో ఛానల్ వెబ్‌సైటులో ఉంటుంది. రెండో ఫిర్యాదు అక్కడికి వెళ్తుంది.

సవరణ అచ్చయితే అది ఎన్నో పేజీలో, ఎంత కొలతలో వచ్చిందో అసలు వార్త క్లిప్పింగు పక్కనే అతికించి దాచండి. తర్వాతి ఫిర్యాదుకు అది మీ మొదటి ఆధారం.